డిశ్చార్జి రోజున అమ్మ పక్కన
నర్సు కాగితాలు చదివి వినిపిస్తుంటే మన పెద్దవాళ్ళు తల ఊపుతారు. అది మర్యాద కోసం, అర్థమై కాదు. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు తెలుగు దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలి, ఫోనులోనైనా సరే. మొహమాటపడకుండా అడగండి. ఆ పని పిల్లల మీద పెట్టవద్దు. నాయనమ్మ తన మలబద్ధకం గురించి మనవడి ముందు చెప్పుకుంటుందా?

"అర్థమైందా అమ్మా?" అంటే "ఆ" అనేస్తుంది. "ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటావు?" అని ఆమె నోటితోనే చెప్పించండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంచీ కూడా నర్సుకు చూపించండి. అక్కడి ఎకోస్ప్రిన్‌లో ఉన్నది ఇక్కడి ఆస్పిరినే. పేర్లు వేరు కదా అని రెండూ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా ఎవరికి ఫోను చేయాలో అక్కడే రాయించుకోండి. రాత్రిపూట నంబరు వేరే ఉంటే అదీ.