సముద్రం లేని ఊళ్లో ఒడ్డు పాఠం

హైదరాబాద్‌కి సముద్రం లేదని మన వైజాగ్ ఫ్రెండ్స్ ఛాన్స్ దొరికితే చాలు గుర్తు చేస్తారు. కానీ గుల్లలు ఏరడానికీ, ఒడ్డున తిరిగే పిట్టల్ని చూడటానికీ సముద్రమే అక్కర్లేదు, ఒడ్డు ఉంటే చాలు. ఈ తేడా నాకు ఈ చలికాలమే తెలిసింది.

మా ఇల్లు చిక్కడపల్లి. డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున ఆరింటికే ట్యాంక్‌బండ్‌కి నడిచి వెళ్లాను. ఒక్క గుల్ల దొరకలేదు. అక్కడ కట్ట రాతిగోడ. గోడ అయిపోగానే నీళ్లు, మధ్యలో బురద లేదు. తర్వాతి ఆదివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, మియాపూర్‌లో దిగి, ఆటోలో అమీన్‌పూర్ పెద్ద చెరువుకి వెళ్లాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు అది.

ముందు గుల్లల సంగతి. గవ్వలు సముద్రానివి. చెరువు ఒడ్డున మనకి దొరికేవి నత్తగుల్లలు, ఆల్చిప్పలు. ఆల్చిప్ప రెండు రెక్కలూ ఇంకా అతుక్కుని ఉంటే లోపలి జీవి ఈమధ్యే చనిపోయినట్టు. విడిపోయి, సున్నంలా తెల్లబడితే పాతది. పెద్ద నత్తగుల్ల పగలకుండా ఖాళీగా కనిపిస్తే, అది ఓపెన్‌బిల్ కొంగ తిని వదిలేసింది కావచ్చు. ఆ కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుంది. గుల్లని దాదాపు పగలగొట్టకుండానే లోపలి నత్తని లాగేస్తుంది. గుల్ల మూతి దగ్గర మూత బిగించి ఉంటే మాత్రం ముట్టుకోకండి, లోపల నత్త బతికే ఉండొచ్చు.

ఇక పిట్టలు. వానలకి నిండిన చెరువు చలికాలంలో మెల్లగా తగ్గుతుంది. నీళ్లు వెనక్కి జరిగిన కొద్దీ కొత్త బురద, అందులో పురుగులు, చిన్న నత్తలు బయటపడతాయి. వలస పిట్టలు దిగేది సరిగ్గా అప్పుడే. ప్లోవర్‌కి ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. పరిగెత్తి, టక్కున ఆగి, పైన కనిపించిన పురుగుని పొడుస్తుంది. స్నైప్‌కి ముక్కు పొడుగు. దాని కొసకి స్పర్శ ఎక్కువ కాబట్టి లోపలున్న పురుగుని చూడకుండానే పట్టేస్తుంది. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ పొడుగు కాళ్లతో నీళ్లలోకి దిగి తింటుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ భాషలో చెప్పాలంటే రిసోర్స్ ఒకటే, ప్రాసెస్‌లు చాలా, డెడ్‌లాక్ మాత్రం లేదు. ఎవరి లోతు వాళ్లది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. లిటిల్ స్టింట్‌ల గుంపు కనిపిస్తే రీల్ కోసం దగ్గరికి వెళ్లాను. లేచి కొంచెం దూరంలో వాలాయి. మళ్లీ వెళ్లాను. అలా మూడుసార్లు లేపాను. ఇంటికొచ్చి చదివాక సిగ్గేసింది. ఆ పిట్ట బరువు 20–30 గ్రాములు, అంటే ఇంచుమించు ఒక పెన్సిల్ సెల్ అంత. గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ టండ్రాలో. ఎండాకాలంలో తిరిగి అంత దూరం ఎగరడానికి ఇంధనం ఇక్కడ తిని దాచుకునే కొవ్వే. నా పదిహేను సెకన్ల వీడియోకి అది కొంత ఖర్చు పెట్టింది.

అందుకే వెళ్తే దూరంగా ఒకచోట కూర్చోండి. కాసేపటికి అవే దగ్గరికొస్తాయి.

ఇంకో మాట. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా అశోక్‌నగర్ పక్క నుంచే వెళ్తుంది. రోజూ దాటుతూ దానికి కూడా ఒకప్పుడు ఒడ్డు ఉండేదని నేనెప్పుడూ అనుకోలేదు. మీ ఇంటి దగ్గర చెరువుని అందంగా చేస్తామని చుట్టూ రాళ్లు పేర్చి ట్రాక్ వేస్తుంటే, ఒక్క వైపైనా వాలుగా మట్టి ఒడ్డు వదలమని అడగండి. మనకి బురదలా కనిపించేది వాటికి మెస్.