వలిసె పూసేనాటికే దుప్పట్లు దులపాలి

చింతపల్లి మన్యంలోని ఆశ్రమ పాఠశాలల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడి లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడట. అలాంటి చలిలో పెరిగే పిల్లల గురించి నాకు తెలిసింది చెబుతాను.

1. చలి మొదలయ్యాక దుప్పటి వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. కొండవాలు చేలల్లో వలిసె పసుప్పచ్చగా పూసిందంటే రగ్గులు, బొంతలు బయటికి తీసి రెండు రోజులు గట్టి ఎండలో వెయ్యండి. నిరుటి స్వెట్టరు తొడిగి చూడండి, చేతులు పొట్టయిపోయి ఉంటాయి. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ల కోత. అమ్మానాన్నలు చీకటితోనే తోటకు వెళ్లిపోతారు. పొద్దున్నే పిల్లకు స్వెట్టరు తొడిగి, వేడిగా ఇంత చోడి అంబలి పోసేదెవరో ముందే అనుకోవాలి.

2. మూసిన గదిలో కుంపటి పెట్టకండి. ఈ తప్పు నేను చేశాను. ఒక జనవరి రాత్రి చిన్నపిల్లలు వణుకుతుంటే చూడలేక, బొగ్గుల కుంపటి గదిలో పెట్టించి కిటికీలన్నీ మూయించాను. పొగ లేదు కదా అనుకున్నాను. తెల్లవారుజామున ఒక పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. తక్కిన వాళ్లు తల పగిలిపోతోందని ఏడుస్తూ లేచారు. తలుపులు తీసి అందరినీ వరండాలోకి మోసుకొచ్చాం. బతికి బయటపడ్డారు. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవాడికి ఆ సంగతే తెలియదు. ఆ పిల్లవాడు లేవకపోయి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. చలి కాచుకోవాలంటే ఆరుబయటే, పెద్దవాళ్లు పక్కన ఉండగానే. నైలాన్ స్వెట్టరుకు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

3. హాస్టల్లో తెల్లవారుజాము చన్నీళ్ల స్నానం క్రమశిక్షణ అని నేనూ చాలాకాలం నమ్మాను. తర్వాత బడి వదిలాక, ఎండ ఉండగానే స్నానం అని మార్చాను. పొద్దున ముఖం, కాళ్లు చేతులు కడుక్కుంటే చాలు. అలాగని అసలు స్నానమే మానెయ్యకూడదు. ఇక గజ్జి స్నానం మానేస్తే వచ్చేది కాదు, ఒంటికి ఒళ్లు తగిలి అంటుకునేది. ఒకే దుప్పటిలో ముగ్గురు పడుకుంటే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. వచ్చిన వాడొక్కడికే మందు రాస్తే పోదు. గదిలో ఉన్న అందరికీ ఒకేరోజు రాయాలి, బట్టలన్నీ వేణ్ణీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.

4. లావుపాటి స్వెట్టరు ఒక్కటే వేసేకన్నా లోపల రెండు పలచటి చొక్కాలు వేస్తే వెచ్చదనం నిలుస్తుంది. మంచులో నడిచొచ్చిన పిల్లల మేజోళ్లు తడిసి ఉంటాయి. వాటిని విప్పించండి.

5. దగ్గును చలిదగ్గేలే అని వదిలెయ్యకండి. పిల్లవాడు నిదానంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 40, రెండు నెలల నుంచి ఏడాదిలోపు వాళ్లకు 50, అంతకన్నా చిన్నవాళ్లకు 60 చేరిందంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కపెడుతూ కూడా కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి. బండి రాని ఊరైతే బిడ్డను గుండెకు హత్తుకుని, పైన రగ్గు చుట్టి రోడ్డు దాకా మోసుకురండి.

6. పిల్లలు చలి అని చెప్పరు. నాలుగో తరగతి పాప ఒకతె మూడు రోజులు స్వెట్టరు లేకుండా వచ్చింది. అడిగితే "వెచ్చగానే ఉంది సార్" అంది. తమ్ముడికి ఇచ్చేసిందని మూడో రోజు తెలిసింది. అప్పటినుంచి చలికాలంలో హాజరు పిలిచేటప్పుడు నేను బల్ల దగ్గర కూర్చోలేదు. వరసల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి మెడ వెనక చెయ్యి పెట్టి చూసి, అప్పుడు పేరు పిలిచేవాణ్ణి.