చిన్న ట్యాంకునకు తగిన ట్రాకు

ట్యాంకు నమూనాను చూచువారి దృష్టి మొదట దాని ఫిరంగిపై పడును. కాని బురదలోను, ఇసుకలోను ఆ బండిని నడిపించునది ఫిరంగి కాదు. ఇరుప్రక్కల నుండు గొలుసుపట్టాలు. ఉక్కు పలకలను కీళ్ళతో కూర్చి చక్రములచుట్టును త్రిప్పిన ఈ పట్టానే ట్రాకు అందురు. బండి భారమును విశాలమైన నేలపై పంచి, అది దిగబడకుండ కాపాడుట దీని పని. నమూనాకు ఎంత చక్కగా రంగు వేసినను, ట్రాకు సరిపడనిచో అది ఆటబొమ్మవలెనే కనిపించును.

ట్యాంకు నమూనాలకు మిక్కిలి ప్రచారములో నున్న నిష్పత్తి 1:35. అనగా అసలుబండిలో 35 సెంటీమీటర్లున్న భాగము నమూనాలో ఒక సెంటీమీటరగును. విడిభాగముల పెట్టెలోనే ట్రాకులును వచ్చును. పెక్కింటిలో అవి మెత్తని వినైలు పట్టీలు. వానిని తొడుగుట సులభము. కాని అవి తేలికైనవి గనుక తమ బిగువును విడిచి సహజముగా క్రుంగవు. అందుచేత అనేకులు వేరుగా అమ్మెడు ట్రాకులను కొని అమర్చుదురు. ఖరీదైనదే మేలైనదని తలచువాడు ఇచ్చటనే పొరబడును.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు వాడిన టైగరు ట్యాంకు దీనికి మంచి ఉదాహరణము. దాని బరువు సుమారు 57 టన్నులు. యుద్ధభూమిలో దాని ట్రాకు వెడల్పు 725 మిల్లీమీటర్లు. రైలుపై కొనిపోవునపుడు అంత వెడల్పు దారిలో అడ్డుతగులును గనుక, సాధారణముగా వెలుపలి చక్రములను ఊడదీసి 520 మిల్లీమీటర్ల ట్రాకును తొడిగెడివారు. నమూనాలో మొదటిది 20.7, రెండవది 14.9 మిల్లీమీటర్లగును. కావున నమూనాలోని టైగరు యుద్ధమున నున్నదో, రైలుపై నున్నదో ముందుగా నిశ్చయించుకొనవలెను.

కాలమును గూడ గమనింపవలెను. మంచుపై జారకుండుటకై 1943 చివరి నెలలనుండి టైగరు ట్రాకు పలకలపై చిన్న మిట్టలు చేర్చిరి. 1943 ఏప్రిలులో ట్యునీషియాలో బ్రిటిషు సేనకు చిక్కిన టైగరు ఒకటి నేడు ఇంగ్లండులోని బోవింగ్టను ట్యాంకు మ్యూజియములో నున్నది. దాని నమూనాకు మిట్టలున్న ట్రాకును తగిలించినచో, ఆ ట్రాకు ఎంత అందమైనదైనను, చరిత్రకు విరుద్ధమగును.

టైగరు ట్రాకు పైభాగమును మోయుటకు వేరుగా చిన్నచక్రములు లేవు. అందుచే అది తన బరువుతో క్రుంగి పెద్దచక్రములపై ఆనును. ఇట్టి క్రుంగుబాటును లోహపు పలకల ట్రాకు చక్కగా చూపును. కాని ఒక్కొక్క పలకకును రంధ్రము సరిచేసి సన్నని తీగ దూర్చవలెను. ఆ భారమునకు సన్నని ప్లాస్టిక్కు ఇరుసులు వంగవచ్చును. కొన్ని మిశ్రలోహములలో సీసముండును గనుక పని ముగిసినపిమ్మట చేతులు కడుగుకొనవలెను. ప్లాస్టిక్కు పలకలైనచో జిగురు పూర్తిగా ఆరకముందే చక్రములపై పరచి వంపు తీర్చవచ్చును. త్రిమితీయ ముద్రణముచే చేయబడు రెజిను పలకలు నగిషీలో మేలైనవి; కాని వాని సన్నని కీలలు సులభముగా విఱుగును.

ఒక బాలుడు అమెరికనుల షెర్మను ట్యాంకు నమూనాను చేయుచు, కూడబెట్టిన సొమ్మంతయు వెచ్చించి లోహపు ట్రాకులు కొనెను. టైగరునకువలె దీనికిని అవి క్రుంగియుండవలెనని తలచి, దండలవలె వ్రేలాడదీసెను. అన్న దానిని చూచి, షెర్మను ఫోటో నొకదానిని ముందుంచి, "తమ్ముడూ! వెల చూచితివి గాని బండిని చూడవైతివి. ఈ ట్రాకు పైభాగమును చిన్నచక్రములు మోయుచున్నవి. కీళ్ళలో రబ్బరున్నది. ఇది అంతగా క్రుంగదు" అనెను. బాలుడు సిగ్గుపడి, పెట్టెలో మూలబడియున్న వినైలు పట్టీని తొడిగి చూచెను. అది ఫోటోలోని బండికి ఎంతయో దగ్గరగా నుండెను. కొన్న ట్రాకులను అతడు పారవేయలేదు. మఱియొక ఫోటోను ముందుంచుకొని వానిని బిగించుట నేర్చుకొనెను.

కావున మొదట అసలుబండి ఫోటోలను చూడవలెను. ఆ పిదప కాలమును, స్థలమును తెలిసికొనవలెను. తరువాత వెడల్పును కొలిచి, చక్రముల పళ్ళు ట్రాకునకు సరిపడునో లేదో పరీక్షింపవలెను. వెల విచారించుట చివరి పని. నమూనా గడచిన కాలమునకు చిన్న సాక్షి. సాక్షికి అలంకారముకంటె సత్యమే ముఖ్యము.