పాల బండికి వెనక షాకులు: కొన్ని చిట్కాలు

రామకుప్పంలో తెల్లారితే బైకు మీద పాల క్యాన్లు, మధ్యాహ్నం అదే బైకు మీద మల్బరీ ఆకు మోపు, సాయంత్రం ఇంటిల్లిపాదీ. ఇంజను బాగోగులు అందరూ అడుగుతారు. వెనక షాక్ అబ్జార్బర్ల ఊసు మాత్రం నడుము పట్టేదాకా ఎవరూ ఎత్తరు.

1. స్టాండు తీసి, సీటు వెనక భాగాన్ని రెండు చేతులా గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకోవాలి. ఉయ్యాలలా రెండు మూడుసార్లు ఊగితే లోపల ఆయిలు పనిచేయడం లేదని అర్థం.

2. షాకు మీద దుమ్ము జిగటగా, నల్లగా అంటుకుంటే గుడ్డతో తుడిచి రెండ్రోజులు తిప్పండి. మళ్లీ తడి కనబడితే సీలు పోయింది. మారిస్తే రెండూ మార్చండి. నేను ఒకటే మార్చి డబ్బు మిగిలిందని సంబరపడ్డాను. మలుపు వచ్చినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగింది, నెల తిరక్కుండా రెండోదీ కొన్నాను.

3. స్ప్రింగు దగ్గర మెట్లు మెట్లుగా కోసిన రింగు ఉంటుంది. స్ప్లెండర్‌లో 5 మెట్లు. కొక్కెం స్పానరుతో తిప్పాలి. క్యాన్లున్న పూట పై మెట్టు, ఒంటరిగా వెళ్లే పూట కింది మెట్టు. దీనివల్ల స్ప్రింగుకు కొత్త బలం రాదు, కుంగిన వెనక భాగం కాస్త లేస్తుంది, అంతే. ‘టైటు చేశాం కదా’ అని ఇంకో మూట ఎక్కించకండి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి. అమెరికాలో గుండ్రటి మట్టి ట్రాకుల మీద పరిగెత్తే పందెం కార్లు ఎడమకే తిరుగుతాయి కాబట్టి, వెనక కుడి ఎడమల సర్దుబాటు కావాలనే వేరుగా పెడతారు. మనం వి.కోటకు వెళ్లాలంటే రెండు వైపులా తిరగాలి మరి!

4. 20 లీటర్ల పాలంటే 20 కిలోల పైమాటే, క్యాను బరువు అదనం. దారిలో ఒకటి దింపేస్తే, రెండోదాన్ని ఒక పక్కనే వేలాడదీయకుండా సీటు మధ్యలో పెట్టి కట్టండి. సగం నిండిన క్యాను ఇంకా పేచీ, పాలు తొణికినప్పుడల్లా బండి ఊగుతుంది.

5. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి. టకటకమంటే బేరింగో, స్వింగ్ ఆర్మ్ బుష్‌లో అరిగాయి. షాకులను తిట్టకండి.

6. గుంతల రోడ్డని టైరులో గాలి తగ్గించొద్దు. బండి మీది స్టిక్కరులో ఎంతుంటే అంతే, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు.

7. బరువు పడి వెనక భాగం దిగితే చైను బిగుస్తుంది. ఖాళీ బండికి కొంత వదులు ఉంచమనేది అందుకే.

8. ననియాల ఏనుగుల క్యాంపు వైపు వానలో వెళ్లొస్తే, బురద ఎండకముందే మామూలు నీళ్లతో కడగండి. కిరోసిన్ వద్దు, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి.