అడుగుజాడలు తెలిపిన వేగము

తప్పిపోయిన ఎద్దును వెదకబోయిన రైతు, బురదలోని గిట్టల గుర్తులను జూచి అది నడచినదో పరుగెత్తినదో చెప్పగలడు. అడుగుల నడుమ ఎడము పెరిగినచో వేగము పెరిగినదని అతని యనుభవము. ఇంగ్లండులోని లీడ్సు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మెక్‌నీల్ అలెగ్జాండర్ ఇట్టి గుర్తులకే లెక్క గట్టి, కోట్ల యేండ్లకు పూర్వము నశించిన రాక్షసిబల్లుల వేగమును 1976లో గణించెను.

ఒకే పాదము వరుసగా మోపిన రెండు గుర్తుల నడిమి దూరము అంగ యనబడును. రెండు మీటర్ల అంగ మేకకు పరుగు, ఏనుగునకు నడక. కావున అంగను కాలి పొడవుతో పోల్చి చూడవలెను.

నడచునపుడు నేలమీది పాదము కేంద్రముగా, కాలు వ్యాసార్ధముగా దేహము వృత్తఖండమున కదలును. దానిని ఆ మార్గమున నిలుపునది భూమ్యాకర్షణము. వేగము మితిమీరినచో ఆ యాకర్షణ చాలక పాదము నేలను వీడును, అదియే పరుగు. గురుత్వ త్వరణమును కాలి పొడవుచే గుణించి వర్గమూలము గొన్నచో నడకకు హద్దు తెలియును. 0.8 మీటరు కాలు గల బాలునకు 9.8 × 0.8 = 7.84, దాని వర్గమూలము 2.8. సెకనుకు 2.8 మీటర్లకు మించి అతడు నడువజాలడు. నిజమునకు అంతకు ముందే పరుగందుకొనును.

అలెగ్జాండర్ మనుష్యుల యొక్కయు, జంతువుల యొక్కయు అంగ, కాలి పొడవు, వేగములకు గల సంబంధమును సూత్రముగా కూర్చెను. రాక్షసిబల్లి తుంటి యెత్తు పాదమునకు సుమారు నాలుగు రెట్లని గ్రహించెను. పాదముద్ర అర మీటరైనచో తుంటి యెత్తు 2 మీటర్లు. అంగ 3 మీటర్లైనచో సూత్రము ప్రకారము వేగము సెకనుకు 2.2 మీటర్లు, అనగా గంటకు 8 కిలోమీటర్లు. మనుష్యుని మెల్లని పరుగు వంటిదే!

అయినను జాడ ఆనాటి గమనమునే తెలుపును గాని గరిష్ఠ వేగమును తెలుపదు. దానికి దేహబలమును విచారింపవలెను. ఆకారము మారక పొడవు రెట్టింపైనచో బరువు ఎనిమిది రెట్లగును. ఎముక బలము నాలుగు రెట్లే యగును. టిరానోసారస్ గంటకు 70 కిలోమీటర్లు పరుగెత్తెడిదని కొందరు తలచిరి. అంతటి భారమును అట్లు పరుగెత్తించుటకు కావలసిన కండ దాని కాళ్ళలో ఇముడదని 2002లో ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపిరి. నిజమైన పరుగును దాని యెముకలే ఓర్వలేకపోయి యుండునని 2017లో మాంచెస్టరు పరిశోధకులు గణించిరి.

చూడని జంతువును గూర్చి ఊహించుట సులభము. ఆ యూహను కొలతకు లోబరచుటయే శాస్త్రము.