పిల్లకాలువలు

శ్రీశైలము ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆ ఆనకట్ట కట్టినవారికి నివాసమైన యూరు నల్లమల యడవిలోని సున్నిపెంట. జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు తూములగుండ వెడలి, బానకచర్లయొద్ద చీలి, నంద్యాల, ఆళ్లగడ్డ సీమలకు పోవును. పెద్దకాలువ నిండుగా పారుచున్నను, తన పిల్లకాలువ పూడిపోయిన రైతునకు ఫలమేమి? మన దేహమందలి నెత్తురు విషయమును ఇట్టిదే. హృదయమునుండి బయలుదేరిన ధమనులు చీలి చీలి, వెండ్రుకకంటె సన్ననివగు కేశనాళికలై చర్మమును చేరును. చర్మము కాలువ చివరి పొలము.

కాలిధమని మూసికొనిపోయినచో పాదమున పుండు మానదు. వ్రేళ్లు నల్లబడి కుళ్లుటయు కలదు. పొగత్రాగువారికిని, మధుమేహరోగులకును ఈ యాపద హెచ్చు. పూర్వము కాలు తీసివేయుటయే గతి.

1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరమున కత్తిపోటుచే మరణించెను. కాలేయమునకు పోవు పెద్దసిర తెగినది; దానిని కుట్టగల వైద్యుడు నాడు లేడు. అచ్చటి వైద్యవిద్యార్థి అలెక్సిస్ కారెల్ ఈ లోపమునకు చింతించి, బట్టలపై పూలు కుట్టుటలో నేర్పరియైన యొక స్త్రీయొద్ద సన్నని సూదిపని నేర్చెను! 1902లో నాళములను కుట్టు విధానమును ప్రకటించి, 1912లో నోబెల్ బహుమానము నందెను. 1948లో పారిస్ వైద్యుడు జాన్ కున్లిన్ రోగి కాలిసిరనే తీసి, మూసికొనిన ధమనికి ప్రక్కదారిగా నతికెను.

పెద్దకాలువ పారినది. కాని దానిని చేరుటకు చర్మమును కోయవలెను గదా! గజ్జలనుండి మోకాలివఱకును, ఒక్కొక్కప్పుడు దిగువకును సాగు నా గాటున అసంఖ్యాకములగు పిల్లకాలువలు తెగును. చర్మమునకు వలయు నెత్తురు చాలవఱకు క్రిందినుండి నిలువుగా పైకి వచ్చును. చర్మమును కండనుండి విడదీసి లేవనెత్తినచో ఆ నిలువు నాళములు తెగి, గాటు అంచు నల్లబడును. లోపల ధమని చక్కగా కొట్టుకొనుచుండగా పైచర్మము చచ్చుట ఎంత విచిత్రము! శస్త్రచికిత్స పిమ్మట కాలు వాచుట సాధారణము. వాపునీరు కేశనాళికలను నొక్కును. కావున కాలిని కొంచెము ఎత్తుగా నుంచుదురు.

గాయమున నెత్తురు మొదట గడ్డకట్టును. పిమ్మట తెల్లకణములు వచ్చి క్రిములను చంపును. వేఱు కణములు కొలాజెన్ అను నారను నేయును. క్రిములను చంపుటకును, నార గట్టిపడుటకును ప్రాణవాయువు కావలెను. దానిని తెచ్చునది నెత్తురే. కొన్ని దినములలో అంచులనుండి క్రొత్త కేశనాళికలు మొలకలవలె సాగి, తెగిన గట్లను కలుపును. క్రొత్తమచ్చ ఎఱ్ఱగా నుండుట ఇందుచేతనే. ఎంత మానినను మచ్చ బలము మునుపటి చర్మపు బలములో 80 శాతమునకు మించదు.

పొగాకులోని నికోటిన్ ఈ నాళములను ముడుచుకొనజేయును. పొగలోని కార్బన్ మోనాక్సైడు నెత్తురులో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. కుట్లు ఆరకముందే బీడీ ముట్టించు రోగి తన పిల్లకాలువకు తానే అడ్డుకట్ట వేసికొనుచున్నాడు.

దాది వచ్చి రోగి కాలిగోటిని నొక్కి విడుచును. తెల్లబడిన గోరు రెండు మూడు సెకనులలో మరల ఎఱ్ఱబడినచో, చివరి పొలమునకు నీరు చేరుచున్నదని యామె యెఱుగును.