మంచివాళ్లకే కష్టాలెందుకు? అరణ్యపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న



ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం గురించి ఈ వారం వీడియోలో చూశారు కదా. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణమ్మలో కలిసే చోటు. వీడియోలో చెప్పలేకపోయిన ఒక విషయం ఇక్కడ చెప్పుకుందాం.

2017 నవంబర్ 12. కార్తీక మాసం, ఆదివారం. సంగమం దగ్గర హారతి చూద్దామని బోటెక్కిన భక్తులు, ఒడ్డు చేరేలోపే నీళ్లలో పడిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు.

ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని నేనన్న మాట నాకింకా గుర్తుంది: "వాళ్ల కర్మ, ఏం చేస్తాం." పక్కనే ఉన్న ఫ్రెండ్ అన్నాడు: "దేవుడి కోసం వెళ్తేనే ఇలా అయితే, ఇంక దేవుడెందుకురా?" తర్వాత అరణ్యపర్వం చదివినప్పుడు తెలిసింది, మా ఇద్దరి మాటల్లోనూ తప్పుందని.

ద్రౌపది ప్రశ్న

జూదంలో అన్నీ పోయి పాండవులు ద్వైతవనంలో ఉన్నారు. ద్రౌపది ధర్మరాజుని నిలదీస్తుంది. ధర్మాన్ని కాపాడితే అది మనల్ని కాపాడుతుందని పెద్దలు చెప్పగా విన్నాను, మిమ్మల్ని మాత్రం కాపాడటం లేదేం? అంటుంది. మనుషులు ఆడించేవాడి చేతిలో కొయ్యబొమ్మల్లాంటి వాళ్లు అని కూడా అంటుంది. ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి కాబట్టి ఆ పోలిక మనకి వెంటనే అర్థమవుతుంది. బొమ్మ తనంతట తాను చెయ్యి కూడా ఎత్తలేదు. మరి అలాగైతే, జరిగిన చెడుకి పాపం ఆడించేవాడికే అంటాలి కదా? ఇదీ ఆవిడ వాదన.

గమనించండి, ఇంత మాట అన్నా వ్యాసులవారు ఆవిడ నోరు నొక్కలేదు. బాధలో ఉన్న మనిషి దేవుణ్ణి నిలదీయడానికి మన ఇతిహాసంలో చోటుంది.

ధర్మరాజు జవాబు

నీ మాటలు అందంగానే ఉన్నాయి కానీ నాస్తికుల మాటల్లా ఉన్నాయని ధర్మరాజు మందలిస్తాడు. నేను ఫలితం కోసం ధర్మం చేయడం లేదు, ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాను అంటాడు. లాభం చూసుకుని ధర్మం చేసేవాడు ధర్మంతో వ్యాపారం చేసేవాడేనట. మా ఫ్రెండ్ మాటకి ఇదే సమాధానం. హారతి చూడటం ఇన్సూరెన్స్ పాలసీ కాదు.

ధర్మరాజు ఇంకో మాట కూడా అంటాడు. కర్మకి ఫలం ఉంది, కానీ అది ఎలా పండుతుందో దేవరహస్యం. మరి ఆ లెక్క మనకి కనపడనప్పుడు, పోయినవాళ్ల గురించి "వాళ్ల కర్మ" అని తీర్పు చెప్పడానికి నేనెవర్ని?

రైతు పోలిక

కథ అక్కడితో ఆగదు. అంతా విధే అని కూర్చోవడం తప్పని ద్రౌపదే మళ్లీ చెబుతుంది. రైతు దున్నుతాడు, విత్తుతాడు, ఆ తర్వాత వాన కోసం చూస్తాడు. వాన పడకపోతే తప్పు రైతుది కాదు, తన పని తను చేశాడు కాబట్టి.

ఇప్పుడు ఆ బోటు సంగతి చూడండి. అనుమతి లేదు. పట్టేవాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించారు. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. అంటే ఇక్కడ పొలం దున్ననే లేదు, ఇంక వానని తిట్టడం ఎందుకు? విధి అనే మాట బాధితుల మీద తీర్పూ కాకూడదు, బాధ్యత ఉన్నవాళ్లకి సాకూ కాకూడదు.

ఈ సంవాదం తర్వాత వ్యాసులవారు వచ్చి దారి చూపిస్తారు, అర్జునుడు తపస్సుకి బయల్దేరతాడు. ఎక్కడికి? ఇంద్రకీలానికి. మన స్థలపురాణం ప్రకారం అది బెజవాడ అమ్మవారి కొండే. పాండవులు దుఃఖాన్ని విధికి వదిలేయలేదు, లేచి పని మొదలుపెట్టారు.

ఈ వారం మనం చేయాల్సింది

కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర "కర్మ" అనే మాట ఎత్తకండి. వెళ్లి పక్కన కూర్చోండి, చేయగలిగిన సాయం చేయండి. ఈ కార్తీకంలో బోటెక్కితే ముందు లైఫ్ జాకెట్ అడగండి. ఇవ్వకపోతే దిగిపోండి. అమ్మానాన్నల్ని కూడా దింపేయండి. హారతి ఒడ్డు నుంచి చూసినా హారతే.

శుభం.